అన్నను నవలలో వెతకొద్దు

ప్రశ్న: సార్, మాది కల్వకుర్తి దగ్గర ఊరు. పాలమూరు యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. మా అన్న పదిహేడేళ్ళు మిలట్రీలో పనిచేసి హవల్దారుగా రిటైరై వచ్చాడు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక బ్యాంకులో గన్‌మన్. సర్వీసులో రెండుసార్లు కశ్మీర్‌లో ఉన్నాడు. అక్కడి సంగతి ఒక్కటి కూడా ఇంట్లో చెప్పడు. అడిగితే "ఏముంటది, చలి" అంటాడు. రాత్రి రెండింటికి లేచి డాబా మీద తిరుగుతాడు. దీపావళి నాడు పటాకుల చప్పుడు మొదలు కాకముందే పొలానికి పోయి అక్కడే పడుకుంటాడు. ఆగస్టు పదిహేనుకు బడివాళ్ళు వచ్చి మాట్లాడమంటే, ఎవరిదో బోరు మోటరు కాలిందని చెప్పి తప్పించుకున్నాడు. ఊళ్ళో మోటర్లు బాగుచేసేది ఆయనే. ఆయన నల్ల ట్రంకుపెట్టెలో ఒక పంజాబీ సైనికుడి ఫోటో ఉంది. ఎవరని మా వదిన అడిగితే రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదట. నేను ప్రాజెక్టు కోసం యుద్ధ నవలలు చదువుతున్నాను. ప్రతి పేజీలో మా అన్నే కనిపిస్తున్నాడు. ‘మిసెస్ డాలొవే’ చదివాక నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఈ పుస్తకాల్లో రాసింది నిజమేనా? వాటిని అన్నకిచ్చి చదివిస్తే మనసు విప్పుతాడా? ఆయన మీదే ప్రాజెక్టు రాయాలని ఉంది, తప్పా? - ఒక చెల్లె

జవాబు: అమ్మా, నీ రెండో ప్రశ్నకు ముందు చెప్తాను. ఉత్తరం చూస్తే ఈ ఆదివారమే ఆ పని చేసేట్టున్నావు. పుస్తకం తీసుకెళ్ళి మీ అన్న చేతిలో పెట్టొద్దు. ఆయన చదవకూడనిదేమీ అందులో లేదు. కానీ చెల్లె పనిగట్టుకుని యుద్ధ నవల తెచ్చిచ్చిందంటే, "నీకేదో అయింది, మేమంతా గమనిస్తున్నాం" అని చెప్పినట్టే ఆయనకు వినిపిస్తుంది. నీ పుస్తకాలు నీ బల్ల మీదే ఉండనీ. చూడాలనిపిస్తే ఆయనే తీసి చూస్తాడు. ఏం పుస్తకమని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు. ఎంతవరకు చదివావని మాత్రం వెంటపడకు.

ఇక అవి నిజమేనా అంటే, చాలావరకు నిజమే. అయితే నువ్వు ఆ నిజాన్ని వెతుకుతున్న చోటు వేరు, అది ఉన్న చోటు వేరు అనిపిస్తోంది.

రెమార్క్ రాసిన ‘ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ సంగతే చూడు. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, జర్మన్ సైన్యంలో పోరాడి గాయపడ్డవాడు. నవల 1929లో పుస్తకంగా వచ్చింది. దాని గురించి ఎవరు మాట్లాడినా కందకాలు, ఎలుకలు, గ్యాసు దాడి గురించే మాట్లాడతారు. లేదా బాంబు గుంతలో తాను పొడిచిన ఫ్రెంచి సైనికుడు మెల్లమెల్లగా ప్రాణం విడుస్తుంటే కథానాయకుడు పాల్ బోయ్మర్ ఆ పక్కనే గడిపిన గంటల గురించి. అవన్నీ గొప్ప ఘట్టాలే, కాదనను. నాకు మాత్రం ఆ నవలకు ప్రాణం పాల్ సెలవు మీద ఇంటికొచ్చిన అధ్యాయంలో ఉందనిపిస్తుంది. అందులో ఒక్క తూటా కూడా పేలదు. తల్లి మంచం పట్టి ఉంటుంది. అక్కడ చాలా ఘోరంగా ఉందా అని అడిగితే, అంత లేదమ్మా అని అబద్ధం చెప్తాడు. తండ్రికి యుద్ధం కబుర్లు కావాలి. పైగా కొడుకు యూనిఫాం విప్పకుండా తనతో వస్తే తెలిసినవాళ్ళ ఇళ్ళకు తిప్పి చూపించుకోవాలని ఆశ. పాల్ ఒప్పుకోడు. ఊరి పెద్దమనుషులు కూర్చోబెట్టి, చుట్ట ఇచ్చి, బీరు పోయించి, శత్రువు మీదికి ఎటునుంచి పోవాలో అతనికే పాఠం చెప్తారు. వీధిలో ట్రాము కీచుమంటే గుండె జారిపోతుంది, గుండు దూసుకొచ్చే చప్పుడులా ఉంటుందది. తన గదిలో ఒకప్పుడు ప్రాణంగా చదువుకున్న పుస్తకాల ముందు కూర్చుంటాడు. ఒక్కటీ పలకదు. చచ్చిపోయిన స్నేహితుడి తల్లి దగ్గరికి వెళ్ళి, నీ కొడుకు బాధ పడకుండా ఒక్క క్షణంలో పోయాడని ఒట్టు పెట్టి మరీ అబద్ధమాడతాడు. చివరికి, ఈ సెలవు మీద అసలు రాకుండా ఉండాల్సింది అనుకుంటాడు.

హెమింగ్వే కథ ‘సోల్జర్స్ హోమ్’ (1925) ఇంకా చిన్నది, ఇంకా కఠినమైనది. క్రెబ్స్ అనే కుర్రాడు యుద్ధం నుంచి ఆలస్యంగా ఇంటికి చేరతాడు. ముందొచ్చినవాళ్ళకు పూలదండలూ ఊరేగింపులూ అయిపోయాయి. ఇతని మాట వినే ఓపిక ఎవరికీ లేదు. వినాలంటే కల్పించి చెప్పాలి. రెండుసార్లు అట్లా చెప్పాక, చెప్పిన అబద్ధాల వల్ల జరిగిన నిజాల మీద కూడా అతనికి అసహ్యం పుడుతుంది. ఒక పొద్దున ఫలహారం దగ్గర తల్లి కూర్చుని ఉద్యోగం గురించి, దేవుడి గురించి, అమ్మ మీద ప్రేమ గురించి అడుగుతూ ఉంటుంది. అతను పళ్ళెంలో మాంసం కొవ్వు చల్లారి గడ్డకట్టడం చూస్తూ ఉంటాడు. తనను ప్రేమించడం లేదా అంటే లేదంటాడు. తల్లి ఏడుస్తుంది. అప్పుడా మాట వెనక్కి తీసుకుంటాడు, అది ఇంకో అబద్ధం. ఆ తల్లి చెడ్డది కాదు. కొడుకు మునుపటిలా అవ్వాలని కోరుకుంది, అంతే.

ఈ రెండిట్లో సైనికుడి మోతబరువు ఎక్కడ కనిపించిందో చూడు: ఇంట్లో, తిండి దగ్గర, తనను ప్రేమించేవాళ్ళ ఎదుట. వాళ్ళకు ఒక కథ కావాలి. వాళ్ళు తట్టుకోగలిగేది, నలుగురికి చెప్పుకోగలిగేది. అతని దగ్గర ఉన్నది అట్లాంటిది కాదు. ఇవ్వకపోతే మొండివాడు, ఇస్తే అబద్ధాలకోరు.

ఇప్పుడు మీ ఊరికి రా. బడివాళ్ళకు ఆగస్టు పదిహేనుకు వీరగాథ కావాలి. చుట్టాలకు ఏం కావాలో నువ్వు రాయలేదు కానీ నాకు తెలుసు, క్యాంటీన్ రమ్ము. (మిలట్రీ మనిషి ఇంటికి దసరాకు ముందు వచ్చే చుట్టాలందరూ దేశభక్తితోనే వస్తారని నేననుకోను.) టీవీ చూసేవాళ్ళకు పాకిస్తాన్ మీద ఆయన తీర్పు కావాలి. నీకు మనసు విప్పడం కావాలి. నీ కోరిక వాళ్ళందరి కోరికల కంటే మంచిదే. అయినా డాబా మీద నిలబడ్డ మనిషికి అది కూడా ఇంకొకరి డిమాండే.

మరణించినవాళ్ళను ఎలా గౌరవించాలో మనకు తెలుసు. గల్వాన్‌లో 2020 జూన్‌లో ప్రాణాలిచ్చిన కల్నల్ సంతోష్ బాబుకు సొంత ఊరు సూర్యాపేటలో విగ్రహం ఉంది. ఆ దారిన పోయేవాళ్ళు దండం పెట్టి పోతారు. తిరిగొచ్చినవాడి విషయంలోనే మనకు ఏ పద్ధతీ లేదు. రైలు దిగిన రోజు దండ వేస్తాం. తెల్లారి నుంచి ప్లాటు ఎప్పుడు కొంటావని అడుగుతాం.

మాట్లాడకపోవడం మిలట్రీవాళ్ళకే పరిమితమని కూడా అనుకోకు. పాలమూరు లేబర్ అని పేరుపడ్డ మన జనం ఎన్ని తరాలుగా ఊరు విడిచి దేశమంతా డ్యాములూ రోడ్లూ కట్టడానికి పోయిరాలేదు? వచ్చినవాళ్ళను ఎట్లుండె అంటే "మంచిగనే ఉండె" అన్నారు తప్ప, మేస్త్రీ ఏమన్నాడో, పక్కన పనిచేసేవాడు ఎట్లా పోయాడో ఎంతమంది చెప్పారు?

మా నల్లగొండ వైపు, నా చిన్నతనంలో, సాయుధ పోరాటంలో దళంలో తిరిగిన ఒక పెద్దాయన ఉండేవాడు. రజాకార్ల క్యాంపు మీద పడ్డ కథ ఎన్నిసార్లు అడిగినా చెప్పేవాడు, నవ్వించేవాడు. ఇంకొక కథ ఉండేది. ఒక మనిషిని రాత్రిపూట వాగు దాకా తీసుకుపోయిన కథ. వాగు దగ్గరికి రాగానే చుట్ట ఆరిపోయిందని లేచి అగ్గి కోసం లోపలికి పోయేవాడు. మళ్ళీ వచ్చి వేరే సంగతి ఎత్తుకునేవాడు. 1946 నుంచి 51 దాకా జరిగిన ఆ పోరాటం మీద మనకు మంచి నవలలు వచ్చాయి. దొర గడీలో ఏం జరిగిందో, జనం ఎట్లా తిరగబడ్డారో వాటిలో ఉంది. తుపాకి పట్టినవాడికి ఆ తర్వాత ముప్పై ఏళ్ళు రాత్రిళ్ళు ఎట్లా గడిచాయో నేను చదివినంతలో తక్కువే కనిపించింది. నువ్వు ఇంగ్లీషు నవలల్లో అన్నను వెతుక్కోవాల్సి రావడానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

అట్లాగని ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. భారతంలో యుద్ధం పద్దెనిమిది రోజుల్లో ముగుస్తుంది. ఆ తర్వాత స్త్రీపర్వం, దాని వెంటనే శాంతిపర్వం. కర్ణుడు తన అన్న అని తెలిశాక ధర్మరాజు, ఈ గెలుపు నాకు ఓటమిలాగే కనిపిస్తోందని నారదుడితో అంటాడు. రాజ్యం వద్దు, అడవికి పోతానంటాడు. తమ్ముళ్ళు, ద్రౌపది, కృష్ణుడు, వ్యాసుడు అందరూ నచ్చచెప్పాల్సి వస్తుంది. చివరికి అంపశయ్య మీదున్న భీష్ముడి దగ్గర కూర్చుని వింటాడు. మనం మాత్రం భారతమంటే పద్దెనిమిదో రోజు దాకానే ఇష్టంగా చెప్పుకుంటాం.

ఇప్పుడు నీకు నిద్ర లేకుండా చేసిన సెప్టిమస్ సంగతి. వర్జీనియా వూల్ఫ్ ‘మిసెస్ డాలొవే’ 1925లో వచ్చింది. అందులో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు సెప్టిమస్. యుద్ధంలో తన ఆఫీసరూ స్నేహితుడూ అయిన ఎవాన్స్ చనిపోయినప్పుడు పెద్దగా బాధ కలగనందుకు సెప్టిమస్ తనను తాను మెచ్చుకుంటాడు. అది తర్వాత అతన్ని వెంటాడుతుంది. చచ్చిన ఎవాన్స్ కనిపిస్తాడు, మాట్లాడతాడు. చివరికి సెప్టిమస్ కిటికీలోంచి దూకేస్తాడు. ఇంత వరకే నీకు గుర్తుండిపోయింది. కానీ దూకే ముందు ఆ గదిలో ఏం జరిగిందో మళ్ళీ చదువు. భార్య రెజియా ఎవరికోసమో టోపీ కుడుతుంటుంది. అతను రంగు పూలు, రిబ్బన్లు ఏరి అమరుస్తాడు. ఇద్దరూ నవ్వుకుంటారు. చాలా రోజుల తర్వాత అతను మామూలుగా ఉంటాడు. మెట్లమీద డాక్టర్ అడుగుల చప్పుడు వినగానే కిటికీ వైపు పోతాడు. నీకేం కాలేదు, ఏదైనా వ్యాపకం పెట్టుకో అన్న డాక్టర్ ఒకడు. భార్య నుంచి వేరుచేసి విశ్రాంతి గృహానికి పంపిస్తానన్న డాక్టర్ ఇంకొకడు. వాళ్ళ చేతుల్లో పడ్డ మనిషి కథ అది. ఆ కాలం అట్లాంటిది. యుద్ధంలో మనసు దెబ్బతినడానికి అప్పట్లో వాడిన ‘షెల్ షాక్’ అన్న మాట వైద్య పత్రికకెక్కిందే 1915లో. అదే యుద్ధంలో బ్రిటిష్ సైన్యం పారిపోయారని, పిరికితనమని, ఇట్లాంటి నేరాలు మోపి మూడు వందల మందికి పైగా తన సైనికులనే కాల్చి చంపింది. వాళ్ళకు క్షమాభిక్ష దక్కింది 2006లో. ఈ బాధకు ఇప్పుడున్న పేరు, పీటీఎస్‌డీ, అమెరికా మనోవైద్యుల గ్రంథంలో చేరింది 1980లో. ఇవాళ దీనికి మాటలతో చేసే చికిత్సలున్నాయి, మందులున్నాయి, పనిచేస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, యుద్ధం చూసినవాళ్ళలో ఎక్కువమందికి ఆ జబ్బు రాదు.

మీ అన్నకు ఉందా? ఉత్తరం చదివి నేను చెప్పకూడదు, నవల చదివి నువ్వూ చెప్పకూడదు. పటాకులకు దూరంగా పోవడం, రాత్రి మెలకువ, ఫోటో సంగతి వస్తే తిండి మానడం, ఇవి పట్టించుకోవాల్సిన విషయాలే. దీపావళికి పొలానికి పోవడం మాత్రం నా దృష్టిలో తెలివైన పని. తనకు ఏది పడదో ఆయనకు తెలుసు, గొడవ చేయకుండా తప్పుకుంటున్నాడు.

ఒక్క చోట మాత్రం మొహమాటం వద్దు. ఆయన గన్‌మన్ కదా. మన దగ్గర బ్యాంకుల్లో చేసే మాజీ సైనికుల్లో చాలామంది సొంత లైసెన్సు తుపాకీతోనే డ్యూటీ చేస్తారు. అది డ్యూటీ అయ్యాక ఇంటికొస్తుందా, ఎక్కడ పెడతాడు, తూటాలు వేరే చోట ఉంటాయా అన్నది వదినతో కలిసి కనుక్కో. "నేను లేకుంటే మీకే నయం" లాంటి మాటలు రావడం, తాగుడు పెరగడం, ఉన్నట్టుండి కాగితాలూ బ్యాంకు లెక్కలూ సర్దిపెట్టడం, పిల్లల మీద చేయి లేవడం, వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అన్నా అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అట్లా ఏం కాదు. అట్లాంటప్పుడు తుపాకీ ఇంట్లో ఉండకూడదు. లైసెన్సు ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయడానికి చట్టంలో వీలుంది. ఫోన్లో మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక సహాయ నంబరు, టెలీమానస్ 14416 ఉంది. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ముందు నువ్వే చేసి మాట్లాడొచ్చు, ఇంట్లోవాళ్ళ టెన్షన్‌కు కూడా వాళ్ళు సలహా ఇస్తారు. మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్ కార్డు మీద వైద్యం దొరుకుతుంది, మనసు జబ్బులకు కూడా. పాలీక్లినిక్‌కు పోతే అక్కడ తనలాంటివాళ్ళే క్యూలో ఉంటారు, అది కూడా ఒక ధైర్యం.

ఆయన డాక్టర్ దగ్గరికి రానంటే పౌరుషం అనుకుని పోట్లాడొద్దు. మనసు జబ్బని కాగితం మీద పడితే తుపాకీ లైసెన్సు పోతుంది, దాంతో ఉద్యోగం పోతుంది అన్న భయం ఉండొచ్చు. అది ఉత్త భయం కాదు, లెక్క ఉన్న భయం. కాబట్టి ఉద్యోగం పోయినా ఇల్లు ఎట్లా నడుస్తుందో వదినా నువ్వూ ముందే మాట్లాడుకుని ఉండండి. పెన్షన్ ఉంది. మోటర్ల పని ఉంది.

మోటర్లంటే గుర్తొచ్చింది. ఇంత పెద్ద ఉత్తరంలో ఆ విషయం నువ్వు ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. ఊళ్ళో ఎవరి మోటరు కాలినా ఆయనే బాగుచేస్తాడని. నీ మీద నవలలు చేసిన పని అదే అనిపిస్తోంది. మెలకువ, మౌనం, ఫోటో కనిపించాయి. వైండింగ్ తీగ చుట్టుకుంటూ చేనుగట్టు మీద కూర్చున్న మనిషి కనిపించలేదు. యుద్ధ కథకుడికి మౌనం అవసరం, ప్రతి మౌనం వెనకా ఒక గాయం పెడతాడు. మనుషులు ఊరికే కూడా మౌనంగా ఉంటారు. చెప్పేదేమీ లేక, చెప్పినా అర్థం కాదని తెలిసి, చెప్పడానికి అలవాటు లేక. పదిహేడేళ్ళు రాత్రి సెంట్రీ డ్యూటీలు చేసినవాడికి రెండింటికి మెలకువ రావడంలో వింతేముంది?

వియత్నాంలో పోరాడిన టిమ్ ఓబ్రయన్ ‘ది థింగ్స్ దే క్యారీడ్’ (1990) రాశాడు. సైనికులు వీపున మోసే సామాను బరువులు పౌండ్లలో లెక్కపెడుతూ మొదలై, మెల్లగా భయం, సిగ్గు, ఒక అమ్మాయి ఉత్తరాలు కూడా అదే లెక్కలో కలిసిపోతాయి. అందులో కథ చెప్పేవాడి పేరు కూడా రచయిత పేరే. అన్నీ తన అనుభవాలే అనుకుంటాం. మధ్యలో, ఇది ఇట్లా జరగలేదు, కానీ ఆ బరువు నీకు తెలియాలంటే ఇట్లా చెప్పాల్సి వచ్చింది అంటాడు. నవలల్లో రాసింది నిజమేనా అన్న నీ ప్రశ్నకు అంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు. ఆ బరువు నిజం. ఆ సంఘటనలు మీ అన్నవి కావు.

ఇక ప్రాజెక్టు. అన్న మీద రాయొద్దు. కనీసం ఇప్పుడు వద్దు. మార్కుల కోసం రాసేదానికి గడువుంటుంది, గైడ్ ఉంటారు, వైవా ఉంటుంది. మీ అన్న ఫోటో కథ ముగ్గురు ఎగ్జామినర్ల ముందు నువ్వు వివరించాల్సి వస్తే ఎట్లా ఉంటుందో ఊహించుకో. పేరు మార్చినా సరిపోదు, కల్వకుర్తి వైపు మాజీ హవల్దారు, బ్యాంకు గన్‌మన్ అంటే గుర్తుపట్టడానికి ఎంతసేపు? పైగా ఎక్కడ, ఏ యూనిట్‌తో, ఏ ఆపరేషన్‌లో అన్న వివరాలు రాయడానికి ఆయనకే స్వేచ్ఛ ఉండదు. అందుకు బదులు ఇంటికొచ్చిన సైనికుడు అన్న అంశం తీసుకో. రెమార్క్ సెలవు అధ్యాయం, హెమింగ్వే కథ, రెజియా టోపీ కుట్టే ఘట్టం, ఈ మూడూ చాలు. యుద్ధరంగం ఒక్కటి కూడా లేకుండా యుద్ధ సాహిత్యం మీద ప్రాజెక్టు అంటే మీ గైడ్ మొదట మొహం చిట్లించవచ్చు, తర్వాత ఒప్పుకుంటారు. మన భాషల్లోంచి ఒకటి కావాలంటే గులేరీ హిందీ కథ ‘ఉస్‌నే కహా థా’ (1915) ఉంది, ఫ్రాన్స్ కందకాల్లో ఉన్న సిక్కు సైనికుడి కథ. ఒక ఆడమనిషికి ఇచ్చిన మాట అతను ఎంత దూరం మోశాడో చూడు. ఇంటి బరువు కూడా అక్కడికి పోతుందన్న పాయింటు నీకు దొరుకుతుంది.

అన్నతో ఏం మాట్లాడాలో తెలియకపోతే, మోటరు వైండింగ్ నేర్పమని అడుగు. పక్కన కూర్చుని తీగ అందించేవాళ్ళు ఆయనకు ఎట్లాగూ కావాలి. నేర్చుకోవడానికి మాత్రమే పో, కథ రాబట్టడానికి కాదు. ఆయన ఆ పంజాబీ పేరు ఎత్తితే విను, ఎత్తకపోతే మోటరు నేర్చుకుని రా. ఈలోపు హెమింగ్వే కథ చదువు, గంట కూడా పట్టదు. వదినకు తెలుగులో చెప్పు. ఆమెకు అది నీకంటే బాగా అర్థమవుతుంది. ఆమె ఏమందో వీలైతే నాకు రాయి.